గ్రీకు కట్టె, తెలుగు నేల

హయత్‌నగర్‌లో పన్ను పీకించుకోవడానికి వెళ్తే డాక్టరు ముందు చిగుళ్ళలో ఒక సూది వేస్తారు. కాసేపటికి దవడ మొద్దుబారుతుంది. మొద్దుబారింది అంటున్నామంటే దవడ కట్టెలా అయిందని చెప్పుకుంటున్నట్టే. చిత్రమేమిటంటే ఆ మందు పేరులోనూ కట్టె ఉంది. జైలోకైన్ అన్న పేరును విప్పి చూస్తే మొదటి ముక్క గ్రీకువాళ్ళు కట్టెను, కలపను పిలిచే క్సులాన్. ఆ మాట ఇంగ్లీషు నోట పడి 'జైల్' అయింది. రసాయనశాస్త్రం నుంచి పురుగుల శాస్త్రం దాకా ఈ ముక్కతో చేసిన పేర్లు పదుల కొద్దీ ఉన్నాయి. ఆ పనితనాన్ని చూపించడానికే ఈ వ్యాసం. మంచి వడ్రంగి చేసిన అతుకు కనపడదు, వేలు పెట్టి తడిమితేనే తెలుస్తుంది. ఈ పేర్లనూ అలా తడిమి చూడాలి.

ముందు జైలోకైన్ సంగతే తేలుద్దాం. 1943లో స్వీడన్ రసాయనవేత్తలు నిల్స్ లోఫ్‌గ్రెన్, బెంగ్ట్ లుండ్‌క్విస్ట్ ఈ మందును తయారుచేశారు. లుండ్‌క్విస్ట్ దాన్ని తన ఒంటిమీదే పరీక్షించుకున్నాడు. ఆస్ట్రా కంపెనీ 1948లో దాన్ని బజారులోకి తెచ్చింది. తయారీకి మూలం జైలిడీన్ అనే పదార్థం, అందుకే పేరు ముందు 'జైల్' చేరింది. జైలిడీన్‌కు ఆ పేరు జైలీన్ నుంచి వచ్చింది. జైలీన్‌కు కట్టె నుంచే వచ్చింది. 1850లో ఫ్రెంచి రసాయనవేత్త ఆగస్ట్ కహూర్ కట్టెను బట్టీలో కాల్చి తీసిన ముడి సారంలో ఆ ద్రవాన్ని కనిపెట్టాడు. అక్కడితో మొదటి సగం తేలింది.

రెండో సగమైన 'కైన్' కొకైన్ తోక. 1884లో వియన్నాలో కార్ల్ కోలర్ అనే కంటి డాక్టరు, కొకైన్ చుక్కలు వేస్తే కన్ను మొద్దుబారుతుందని లోకానికి చాటాడు. అప్పటి నుంచి నొప్పి తెలియకుండా చేసే మందులకు ఆ తోక తగిలించడం అలవాటైంది. కొకైన్ దక్షిణ అమెరికాలోని కోకా మొక్క ఆకు నుంచి వస్తుంది. ఆ మొక్క శాస్త్రనామం ఎరిత్రాక్సిలం కోకా. ఎరిత్రాక్సిలం అంటే ఎర్రకట్టె. అంటే పేరు ముందు భాగాన్ని పట్టుకు లాగినా కట్టె, వెనక భాగాన్ని పట్టుకు లాగినా కట్టె! ఇలా కుదరాలని ఎవరూ కూర్చుని ఆలోచించలేదు. స్వీడన్ మనిషి, ఫ్రెంచి మనిషి, వియన్నా డాక్టరు ఎవరి ముక్క వాళ్ళు చెక్కి వెళ్ళారు. సీసాలో ఉన్న మందుకు మాత్రం ఏ చెట్టుతోనూ సంబంధం లేదు. దాని అణువుకు కొకైన్‌తో పనిలోనే పోలిక, పుట్టుకలో కాదు.

ఈ ఎర్రకట్టె కుటుంబంలో మన చెట్టూ ఒకటుంది. తెలుగు నేల మీది మెట్ట గుట్టల్లో పెరిగే చిన్న చెట్టు, ఎరిత్రాక్సిలం మోనోగైనం. మనవాళ్ళు దాన్ని దేవదారు అంటారు. హిమాలయాల దేవదారు వేరు, ఇది వేరు. దీని కట్టెకు కూడా వాసన ఉంది, ఆ పేరు అందువల్లే వచ్చిందనుకుంటాను. 1877 నాటి మద్రాసు కరువులో జనం దీని ఆకు కోసుకుని తిన్నారని ఆనాటి వాళ్ళు రాసిపెట్టారు. అందులో కడుపు నింపే సరుకేమీ లేదు. కోకా ఆకుకు దగ్గరి చుట్టం కాబట్టి ఆకలినైనా మరిపించిందేమో అని ఆ రోజుల్లో డాక్టర్లకు అనుమానం వచ్చింది. ఎర్రకట్టె అన్న పేరు వెనక ఒక కరువు కథ ఉన్నట్టు ఏ నిఘంటువూ చెప్పదు.

మోనోగైనం అని పేరు పెట్టినవాడు విలియం రాక్స్‌బర్గ్. ఈ వ్యాసంలో ఆయన పేరు మళ్ళీ మళ్ళీ వస్తుంది. స్కాట్లండ్‌లో పుట్టిన డాక్టరు, 1751 నుంచి 1815 వరకు బతికాడు. 1781 నుంచి పన్నెండేళ్ళపాటు కాకినాడ పక్కనున్న సామర్లకోటలో మకాం. కొండల్లో, పొలాల్లో తిరిగి మొక్కలు తెప్పించి, దేశీ చిత్రకారులను పక్కన కూర్చోబెట్టుకుని బొమ్మలు వేయించాడు. 1793లో కలకత్తా వృక్షశాస్త్ర తోటకు వెళ్ళిపోయినా సామర్లకోట పనే 'కోరమాండల్ తీరపు మొక్కలు' అనే మూడు సంపుటాలకు పునాది. 1795 నుంచి 1820 దాకా అచ్చయిన ఆ పుస్తకంలో 300 బొమ్మలున్నాయి. ఆకు ఈనె తిరిగిన వంపు, కాయ పగిలిన అంచు కూడా తప్పిపోని బొమ్మలవి. గీసినవాళ్ళ పేర్లు మాత్రం అందులో లేవు. ఆ లోటును ఎన్నటికీ పూడ్చలేం.

రాక్స్‌బర్గ్ చేతిలో పడిన చెట్లలో నన్ను ఎక్కువసేపు ఆపింది బిల్లుడు. తెలంగాణ చిట్టడవుల్లో, రాతి గుట్టల మీద, మరే చెట్టూ సుఖపడని చోట పెరుగుతుంది. బెరడు బెండులా మెత్తగా, పసుపు పచ్చగా ఉంటుంది. కట్టె మాత్రం అందుకు పూర్తిగా విరుద్ధం. గట్టిది, బాగా ఆరినా దాదాపు నీటి బరువుంటుంది. చిత్రిక పట్టిన పలక లేత పసుపు రంగులో పట్టుచీరలా మెరుస్తుంది. ఇంగ్లండులో పద్దెనిమిదో శతాబ్దం చివర దొరల ఇళ్ళలో బల్లలకూ బీరువాలకూ ఈ పలకను పల్చగా కోసి అతికించేవారు. వాళ్ళు దాన్ని శాటిన్‌వుడ్ అన్నారు. మన దగ్గర నాగళ్ళకూ బండ్లకూ వాడారు.

ఆ మెరుపుకు కారణం కట్టె లోపలి నార. చాలా చెట్లలో నార నిట్టనిలువుగా పోతుంది. బిల్లుడులో కొన్ని పొరలు ఒక పక్కకు వాలితే, తర్వాతి పొరలు ఎదురు పక్కకు వాలతాయి. పలక కోసినప్పుడు వెలుగు ఒక పట్టీ మీద పడి తిరిగొస్తుంది, పక్క పట్టీలో మునిగిపోతుంది. పలకను కొంచెం వంచితే పట్టీలు తారుమారవుతాయి. చూసేవాడి కంటికి ఇంపైన ఈ అల్లిక చిత్రిక పట్టేవాడికి మాత్రం శిక్ష. ఎటు తోసినా సగం నార ఎదురు తిరుగుతుంది. దానికి తోడు ఈ పొట్టు పడితే కొందరికి ఒళ్ళంతా దద్దుర్లు లేస్తాయి. అందుకు కారణమైన పదార్థానికి కూడా చెట్టు పేరే పెట్టి క్లోరాక్సిలొనిన్ అన్నారు.

ఇక పేరు కట్టిన తీరు చూడండి. రాక్స్‌బర్గ్ ఈ చెట్టును మహాగని చెట్టు జాతిలో చేర్చి స్వీటీనియా క్లోరాక్సిలాన్ అన్నాడు. మహాగని జాతికి స్వీటీనియా అన్న పేరు వియన్నా డాక్టరు వాన్ స్వీటెన్ పేరు మీదుగా వచ్చింది. క్లోరాక్సిలాన్ అంటే పచ్చకట్టె. గ్రీకులో 'క్లోరోస్' అనే మాట లేత ఆకుపచ్చకూ పాలిపోయిన పసుపుకూ నడుమ ఊగుతుంది కాబట్టి, బిల్లుడు కట్టె రంగుకు ఇంతకన్నా నికార్సయిన మాట దొరకదు. తర్వాత 1824లో స్విట్జర్లండ్ వృక్షశాస్త్రవేత్త డి కాండోల్ ఈ చెట్టు మహాగని కాదని తేల్చి, దానికి విడిగా ఒక జాతి కట్టాడు. కొత్త మాట వెతకలేదు. ఉన్న రెండు ముక్కలనే తిరగేసి క్లోరాక్సిలాన్ స్వీటీనియా అన్నాడు. ముందున్నది వెనక్కి, వెనకున్నది ముందుకి. సరుకు వృథా కాలేదు, పాత పేరు తెలిసినవాళ్ళు తికమక పడలేదు. ఇంత పొదుపుగా చేసిన పని పేర్ల లోకంలో అరుదు. ఇప్పుడు ఈ చెట్టును నిమ్మ కుటుంబంలో చేర్చారు. ఆకు నలిపి వాసన చూస్తే ఎందుకో తెలుస్తుంది.

అన్ని అతుకులూ ఇంత బాగా కుదరలేదు. కొండ తంగేడును, దాన్నే బొజ్జ అని కూడా అంటారు, శాస్త్రం జైలియా జైలోకార్పా అంటుంది. అంటే 'కట్టె కట్టెకాయ'. గేటు ద్వారం అన్నట్టుంది. రాక్స్‌బర్గ్ పెట్టింది రెండో ముక్క మాత్రమే. దాన్ని ముందుగా తుమ్మ బంధువుల్లో చేర్చి మిమోసా జైలోకార్పా అన్నాడు. ఆ మాటలో తప్పేమీ లేదు, ఆ కాయ నిజంగానే చెక్క. ఎండలో పగిలితే రెండు దళసరి బద్దలు మెలితిరిగి విత్తనాలను దూరంగా విసురుతాయి. తర్వాత వచ్చినవాళ్ళు జాతిపేరుకూ అదే కట్టెను వాడటంతో ఈ పునరుక్తి వచ్చింది.

దాదాపు ఇదే మాటను అంతకుముందే వాడినవాడు యోహాన్ గెరార్డ్ కోనిగ్. స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ శిష్యుడు. 1768లో డెన్మార్క్ మిషన్ డాక్టరుగా తరంగంబాడికి వచ్చి, ఆర్కాటు నవాబు దగ్గర, ఆ తర్వాత ఈస్టిండియా కంపెనీలో పనిచేశాడు. మడ అడవుల చెట్టొకదానికి 1784లో జైలోకార్పస్ అని పేరు పెట్టాడు. దాని కాయ ఫిరంగి గుండంత ఉంటుంది. లోపల పలకలు తీరిన విత్తనాలు ఒకదానికొకటి ఎంత బిగువుగా కుదురుకుని ఉంటాయంటే, విడదీసిన తర్వాత మళ్ళీ గుండ్రంగా పేర్చడం మనిషి తరం కాదు. విత్తనం పైతొక్క బెండు, నీటి మీద తేలి పోతుంది. పేరు పెట్టిన మరుసటి ఏడే, 1785లో, కోనిగ్ కాకినాడ జగన్నాథపురంలో విరేచనాల జబ్బుతో చనిపోయాడు. చివరి రోజుల్లో పక్కనుండి వైద్యం చేసింది సామర్లకోట రాక్స్‌బర్గే.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన పేరు మాత్రం జాంతాక్సిలం రెట్సా. మొదటి ముక్కకు అర్థం పసుపుకట్టె. గ్రీకు స్పెల్లింగు తప్పినా లిన్నేయస్ రాసిన రూపమే నిలిచిపోయింది. రెండో ముక్క తెలుగు. ఒళ్ళంతా ముళ్ళున్న ఈ చెట్టును మనవాళ్ళు రచ్చమాను అంటారని రాక్స్‌బర్గ్ విన్నాడు. రచ్చ అంటే జనం కూడి మాట్లాడుకునే చోటని, కొండవాళ్ళు తమ సరుకుల ధరలు తేల్చుకోవడానికి ఈ చెట్టు నీడన చేరతారని రాశాడు. ఆ రచ్చే లాటిన్ లిపిలో రెట్సా అయింది. గ్రీకు కట్టెకు రచ్చబండను అతికించిన పేరిది. క్లోరాక్సిలాన్‌లో కట్టె రంగుంది, జైలోకార్పాలో కాయ గట్టితనముంది, ఇందులో మనుషులున్నారు. అందుకే దీనికి నా మొదటి మార్కు.

చెట్లను వదిలి పురుగుల వైపు వస్తే, పేరూ పనితనమూ ఒకటైనది తుమ్మెద. మన కవులు పువ్వు చుట్టూ తిప్పిన నల్లటి గండుతుమ్మెదను శాస్త్రం జైలోకోపా అంటుంది. 1802లో ఫ్రాన్సు శాస్త్రవేత్త లాత్రెయ్ పెట్టిన ఈ పేరుకు అర్థం కట్టెలు కొట్టేవాడు. కవిత్వం మకరందం చూసింది, లాత్రెయ్ దాని ఇల్లు చూశాడు. హయత్‌నగర్ శివారులో పాత పందిరి గుంజలనో, ఎండిన వెదురునో గమనిస్తే, బరమాతో తొలిచినట్టు నున్నటి గుండ్రటి బెజ్జం, కింద రాలిన పొట్టు కనిపిస్తాయి. తుమ్మెద కట్టెను తినదు. దవడలతో కొరికి బయట పారేస్తుంది. గట్టి గుంజలో అయితే మొదట నారకు అడ్డంగా కొంత తొలిచి, తర్వాత నార వెంబడి మలుపు తిరుగుతుంది. అడ్డంగా తొలచడం కష్టమని దానికీ తెలుసు. సొరంగం చివర పుప్పొడి, మకరందం కలిపిన ముద్ద పెట్టి, దాని మీద ఒక గుడ్డు పెడుతుంది. ఆ గుడ్డు పురుగుల లోకంలోనే అతి పెద్ద వాటిలో ఒకటి. తర్వాత పొట్టును ఉమ్మితో తడిపి, చుట్లు చుట్లుగా తిప్పుతూ ఒక అడ్డుగోడ కడుతుంది. గోడకు ఒక పక్క చూస్తే ఆ చుట్లు స్పష్టంగా కనిపిస్తాయి. అవతల ఇంకో ముద్ద, ఇంకో గుడ్డు, ఇంకో గోడ. ఒక్క బెజ్జంలో వరస గదులు.

ఇదే కట్టె ముక్క పేరులో పెట్టుకున్న ఇంకో పురుగు జైలోట్రెకస్. 'కట్టెలో పరుగెత్తేది' అని అర్థం. కాఫీ మొక్క కాండాన్ని లోపల్నుంచి తొలిచేది ఇదే. అరకు రైతులకు దీని పని బాగా తెలుసు. మెచ్చుకునే పనితనం కాదు కాబట్టి ఇక్కడితో వదిలేస్తున్నా.

ఇక అసలు మాటకు వద్దాం. వృక్షశాస్త్రం చదివిన ప్రతి పిల్లవాడికీ తెలిసిన మాట జైలమ్. 1858లో స్విట్జర్లండ్‌కు చెందిన నేగెలి ఈ మాటనూ ఫ్లోయమ్‌నూ కలిపి చేశాడు. రెండోది గ్రీకులో బెరడు. చెట్టును నిలువునా రెండు మాటల్లో పంచేశాడు, లోపలిది కట్టె, బయటిది బెరడు. నీటిని పైకి తీసుకెళ్ళేది ఈ జైలమ్‌లోని నాళాలే. వాటి పని ఎంత కష్టమో మెట్ట నేలలో తెలుస్తుంది. హయత్‌నగర్‌లో క్రీడా అని అందరూ పిలిచే కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ ప్రయోగ క్షేత్రం ఉంది. 1985లో ఏర్పడిన ఈ సంస్థ పనంతా వాన నీటి మీదే బతికే సేద్యం గురించి. ఎర్ర చెలకలు, ఏటా దాదాపు 750 మిల్లీమీటర్ల వాన, అదీ ఎప్పుడు పడుతుందో తెలియదు. ఇలాంటి నేలలో చెట్టు బతకడమంటే ఆ నాళాలు ఎండకు తట్టుకోవడమే.

ఆ నాళాలు చేసిన తీరు తలుచుకుంటే ఇప్పటికీ ఆశ్చర్యమే. ప్రతి నాళమూ కొన్ని కణాలు వరసగా నిలబడి, గోడలు దళసరి చేసుకుని, నడిమి అడ్డుగోడలు కరిగించుకుని, చివరికి చచ్చిపోతే ఏర్పడేది. చచ్చాకే పనికొస్తుంది. ఆకు నుంచి నీరు ఆవిరైపోతుంటే ఆ లాగుడుకు వేరు దాకా ఉన్న నీటి దారం మొత్తం పైకి లేస్తుంది. 1894లో ఐర్లండ్‌కు చెందిన డిక్సన్, జాలీ ఈ సంగతి చెప్పారు. మోటారు లేదు, గుండె లేదు. మిట్టమధ్యాహ్నం లాగుడు మరీ ఎక్కువైతే దారం తెగి గాలి బుడగ చొరబడుతుంది, ఆ నాళం పని ఆగిపోతుంది. నాళం వెడల్పు రెండింతలైతే పోయే నీరు పదహారింతలవుతుంది, కానీ ఎండకాలంలో వెడల్పాటి నాళానికే ప్రమాదం ఎక్కువ. మెట్ట చెట్టు ఈ రెండింటి మధ్య బేరం ఆడుకుంటూ బతుకుతుంది. నాళాల పక్క గోడల్లో ఉండే సన్నటి పొరల గుంటలు నీటిని పోనిస్తాయి, గాలి బుడగను మాత్రం ఆపుతాయి.

ఈ జైలమ్‌కు తెలుగు పాఠ్యపుస్తకాలు దారువు అని పేరు పెట్టాయి. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ పుస్తకాల్లో చదువుకున్నవాళ్ళకు దారునాళాలు, దారుకణాలు, ప్రథమ దారువు, అంత్య దారువు నోటికొచ్చినవే. మంచి పని. గ్రీకు ముక్క ఎన్ని అతుకులకు ఒదిగిందో దారువూ అన్నిటికి ఒదిగింది. ఒక్క చోట మాత్రం నాకు పేచీ ఉంది. చెట్టు నడిమి భాగంలో నాళాలు పూడిపోయి, రంగు ముదిరి, పురుగు పట్టనంత గట్టిపడిన కట్టెను అంతర్దారువు అన్నారు. ఆ కట్టెకు వడ్రంగుల దగ్గర తరతరాలుగా పేరుంది, చేవ. దాన్ని మనిషి గుణానికి కూడా వాడుకుంటున్నాం. పుస్తకం రాసినవాళ్ళు ఒక్కసారి కట్టెకోత మిషను దాకా నడిచి ఉంటే సరిపోయేది.

జైలీన్‌ను మధ్యలో వదిలేశాం. కట్టె సారంలో దొరికిన ఆ ద్రవం ఇప్పుడు పెట్రోలియం నుంచి వస్తుంది. హైవే పక్క పెయింటు దుకాణంలో అమ్మే థిన్నర్ల వాసనలో చాలాసార్లు అది ఉంటుంది. దాని రకాల్లో ఒకటైన పారాజైలీన్ నుంచే పాలిస్టర్ బట్ట, మంచినీళ్ళ ప్లాస్టిక్ సీసా తయారవుతాయి. పేరు తప్ప కట్టె ఆనవాలు మిగల్లేదు. కట్టెలోని జైలాన్ అనే పదార్థం నుంచి వచ్చే జైలోజ్ చక్కెర, దాని నుంచి చేసే జైలిటాల్ అయినా కొంత నయం. చక్కెర లేని కొన్ని చూయింగ్ గమ్‌లలో తీపి అదే. ఇంట్లో కుక్క ఉంటే మాత్రం దానికి అందనీయకండి, దాని ప్రాణానికే ముప్పు.

రెండు కట్టె పేర్లు పక్కపక్కన పనిచేసే చోటు పాథాలజీ ల్యాబు. గడ్డ కోసి పంపితే, ఆ ముక్కను మైనంలో పోతపోసి, మిల్లీమీటరులో రెండు వందలవ వంతు మందాన కోస్తారు. మైనం కరిగించడానికి జైలీన్. తర్వాత కణకేంద్రాలకు నీలి ఊదా రంగు పట్టించడానికి హెమటాక్సిలిన్, దానికి తోడు పటిక. హెమటాక్సిలిన్ మెక్సికో ప్రాంతపు చెట్టు చేవలోంచి తీసిన రంగు. లిన్నేయస్ 1753లో ఆ చెట్టును హేమటాక్సిలం, అంటే నెత్తుటికట్టె అన్నాడు. గడ్డ మంచిదా, చెడ్డదా అని డాక్టరు తేల్చేది ఆ రంగులో చూసే.

హయత్‌నగర్, ఇబ్రహీంపట్నం కాలేజీల్లో వృక్షశాస్త్రం చెప్పే అధ్యాపకులకు ఒక విన్నపం. దారువు పాఠం చెప్పే రోజున సాఫ్రనిన్‌తో ఎర్రబారిన గాజుపలక ఒక్కటే చూపించి ఊరుకోకండి. సామిల్లు నుంచి అరచేతంత బిల్లుడు ముక్క తెప్పించి, అడ్డకోతను బ్లేడుతో నున్నగా చెక్కి, పదింతలు పెద్దగా చూపే భూతద్దం పిల్లల చేతికివ్వండి. బోర్డు మీద క్లోరాక్సిలాన్ అని రాసినప్పుడు పక్కనే బిల్లుడు అని, జాంతాక్సిలం రెట్సా పక్కన రచ్చమాను అని, అంతర్దారువు పక్కన చేవ అని కూడా రాయండి.